ఎం3 డిమాండ్ సమీకరణంలో వడ్డీ గుణకం ప్లస్ వస్తోంది, ఎక్కడ తప్పు?

నాగరభావి_ఎంఏ:
ప్రాజెక్టు కోసం మన దేశ ద్రవ్య డిమాండ్ అంచనా వేస్తున్నాను. త్రైమాసిక డేటా. ఎడమవైపు లాగ్ ఎం3 (జనం చేతిలోని కరెన్సీ, అడిగినప్పుడు తీసుకోగల డిపాజిట్లు కలిపితే ఎం1; దానికి ఎఫ్‌డీల్లాంటి గడువు డిపాజిట్లు కలిపితే ఎం3), కుడివైపు లాగ్ జీడీపీ, ఏడాది ఎఫ్‌డీ రేటు. వడ్డీ గుణకం మైనస్ రావాలి కదా, ప్లస్ వస్తోంది. ఆర్ స్క్వేర్ (సమీకరణం డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) మాత్రం 0.99. ఇంకో డౌటు: సేవింగ్స్ ఖాతా ఎం1లోకి వస్తుందా, ఎం3లోకే వస్తుందా?

జయనగర్_నాలుగో_బ్లాక్:
గుణకం సరైనదే, పెట్టిన రేటే సరిపోదు. మడివాలలో ఓ షాపు ఓనరు కరెంట్ ఖాతా నుంచి ఏటీఎంలో 10,000 తీశాడనుకోండి. మిషన్‌లో ఉన్నంతసేపు ఆ నోట్లు బ్యాంకు దగ్గరి నగదు, జనం చేతిలోని కరెన్సీ కింద లెక్కకు రావు. బయటికొచ్చాక కరెన్సీ 10,000 పెరిగింది, డిపాజిట్ 10,000 తగ్గింది. ఎం1, ఎం3 రెండూ కదల్లేదు. తీయకుండా ఎఫ్‌డీ వేస్తే? ఎం1 10,000 తగ్గుతుంది, ఎం3 అలాగే ఉంటుంది.

అంటే ఎఫ్‌డీ రేటు ఎం1కి అవకాశ వ్యయం (ఎం1గా ఉంచుకుంటే వదులుకునే రాబడి), ఎఫ్‌డీలు లోపలే ఉన్న ఎం3కి సొంత రాబడి. రేటు పెరిగితే బయట బాండ్లు కొనాలనుకున్న వాళ్లు కూడా బ్యాంకు వైపు మొగ్గుతారు, అందుకే ప్లస్. ఎం3కి 91 రోజుల ట్రెజరీ బిల్లు (ప్రభుత్వ స్వల్పకాలిక రుణపత్రం) రాబడి విడిగా పెట్టండి, మైనస్ దాని ముందు రావాలి.

0.99 చూసి మురిసిపోకండి. ధరలతో పాటు ఎం3, జీడీపీ రెండూ పెరుగుతూనే ఉంటాయి. ఎం3ని జీడీపీ డిఫ్లేటర్‌తో (మొత్తం ధరల సూచీ) భాగించి, ధరల ప్రభావం తీసేసిన నిజ జీడీపీ తీసుకుని, ముందు సిరీస్ స్థిరంగా ఉందో లేదో చూసే ఏడీఎఫ్ పరీక్ష చేయండి. స్థిరంగా లేకపోతే కోఇంటిగ్రేషన్ (అవి దీర్ఘకాలంలో నిజంగా కలిసి కదులుతున్నాయా అన్నది) చూడాల్సిందే.

కోరమంగళ_లెక్కలు:
సేవింగ్స్ ఖాతా రెండు ముక్కలవుతుంది. అర్ధ సంవత్సరంలో ప్రతి నెల కనీస నిల్వలు తీసుకుని, వాటి సగటును బ్యాంకులు టైమ్ లయబిలిటీగా (గడువు డిపాజిట్ లాంటి బాకీ) చూపుతాయి. అసలు సగటు నిల్వలో అది పోగా మిగిలింది డిమాండ్ లయబిలిటీ (అడిగినప్పుడు ఇవ్వాల్సిన బాకీ). ఎం1లోకి వచ్చేది ఆ మిగులే, ఎం3లోకి మొత్తం వస్తుంది. ఈ విభజన సెప్టెంబర్ 30, మార్చి 31 నాటి లెక్కతో మారుతుంది కాబట్టి ఎం1లో చిన్న మెట్టు కనిపిస్తే కంగారు పడకండి.

త్రైమాసికం చివరి అంకె ఒక్కటే తీసుకోవద్దు. మార్చి ఆఖర్లో బ్యాంకులు డిపాజిట్లు ఉబ్బించి చూపే అలవాటు ఉంది. పక్షం పక్షం అంకెల సగటు తీసుకుంటే జీడీపీ పక్కన పెట్టడానికి నప్పుతుంది. దసరా, దీపావళి, ఎన్నికలప్పుడు కరెన్సీ ఉబ్బుతుంది, సీజనల్ సవరణ మర్చిపోకండి.

బీటీఎం_ఎకనామిక్స్:
సిరీస్‌లో రెండు కుదుపులున్నాయి. 2016 నవంబర్ 8న 500, 1000 నోట్లు రద్దయ్యాయి. చలామణిలోని కరెన్సీ దాదాపు 18 లక్షల కోట్ల నుంచి 2017 జనవరి మొదట్లో 9 లక్షల కోట్లకు పడింది. నోట్లు డిపాజిట్లయ్యాయి కాబట్టి ఎం3 అంతగా అదరలేదు. రెండోది 2023 జులై 1. ఇంటి రుణాల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయింది. అప్పటిదాకా ఎం3 బయట ఉన్న డిపాజిట్లు ఒక్కసారి లోపలికొచ్చాయి, జనం ప్రవర్తన ఏమీ మారలేదు. విలీనం తీసేసిన వృద్ధి రేటునూ ఆర్‌బీఐ అప్పట్లో ఇచ్చింది.

ట్రెజరీ బిల్లు మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. మామూలు కుటుంబాలు దాన్ని కొనవు. పోస్టాఫీసు పథకాల రేటుతో కూడా ఒకసారి నడిపి చూడండి.

నాగరభావి_ఎంఏ:
థాంక్సండీ. నోట్ల రద్దు డమ్మీ (ఆ కాలానికి 1, మిగతా కాలానికి 0 ఉండే చలరాశి) ఎం1, ఎం3 రెండు సమీకరణాల్లోనూ పెట్టాలా?

బీటీఎం_ఎకనామిక్స్:
కరెన్సీని విడిగా అంచనా వేస్తే తప్పనిసరి, ఎం1కి కూడా పెట్టండి. ఎం3లో టీ విలువ (గుణకం సున్నాకి నిజంగా దూరంగా ఉందో లేదో చెప్పే అంకె) చూసి, పనికిరాకపోతే తీసేయండి.