వసుదేవుడు గాడిద కాళ్ళే ఎందుకు పట్టుకున్నాడు?

అరసున్న: ‘అవసరానికి వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు’ అంటాం కదా. దీనికి జోడీగా ఇంకో పాదం ఉన్నట్టు పొద్దుటినుంచీ నాలుక చివర ఆడుతోంది. ‘అక్కర తీరిన...’ అని ఎత్తుకుంటుందనుకుంటా. ఎవరికైనా తెలుసా?

గసడదవ: పాదం సంగతి తర్వాత. ఓండ్ర పెట్టి కంసుడి కావలివాళ్ళను లేపేది నోరు కదా, కాళ్ళు పట్టుకుని ఏం లాభం?

కందగర్వి: బతిమాలాడండీ. ‘అరవకే తల్లీ’ అని.

గసడదవ: అలాగైతే ‘కాళ్ళమీద పడ్డాడు’ అనాలి. గడ్డం పట్టుకుని బతిమాలడమూ ఉంది. గాడిదకు గడ్డం దొరక్క కిందికి దిగాడంటారా?

భాగవతప్రియ: అసలు పోతన దశమస్కంధంలో ఈ గాడిదే లేదు. కావలివాళ్ళు నిద్రపోతారు, తలుపులు తెరుచుకుంటాయి, శేషుడు పడగలు పడతాడు, యమున దారిస్తుంది. ఇక గాడిదకు పనేముంది?

కందగర్వి: అందుకే జనం దాన్ని తెచ్చి కట్టేశారు. అన్నీ మాయే చేసిపెడితే వసుదేవుడు చెయ్యడానికి ఏదో ఒకటి మిగలాలి కదా!

బండిర: అరసున్న గారూ, అది ‘అక్కర’ కాదు, ‘అక్కఱ’. తమిళంలో అక్కఱై అంటే శ్రద్ధ, కన్నడంలో అక్కరె అంటే ప్రేమ. మన దగ్గరికొచ్చేసరికి అవసరంగా తేలింది.

కందగర్వి: ‘అక్కరకు రాని చుట్టము’లో మామూలు ర తోనే చదువుకున్నాం.

బండిర: ఆ కందంలో ప్రాస, అంటే పాదాల రెండో అక్షరం, క్కకారం. అక్కర, మ్రొక్కిన, ఎక్కిన, గ్రక్కున. మూడో అక్షరానికి ప్రాస కాపలా లేదు, యతి కాపలా లేదు. అచ్చువేసినవాడి ఇష్టం. సుమతీ శతకం బద్దెన సాక్ష్యం చెల్లదు.

భాగవతప్రియ: చెల్లకపోతే పోయింది గానీ, చుట్టాన్నీ వేల్పునీ గుఱ్ఱాన్నీ ఒకే గాటన కట్టిన ధైర్యం చూడండి. దేవుణ్ణి సైతం ‘గ్రక్కున’ వదిలేయమన్నాడు!

అరసున్న: ఆ రెండో పాదం...?

బండిర: బండి ఱ తో వెతకండి, దొరుకుతుంది.

గసడదవ: నాకు నచ్చేది ఈ సామెతలోని గడుసుతనం. పని చేసిపెట్టినాయన ముందు అనలేం, అంటే ఆయన్ని గాడిదను చేసినట్టే. చాటునే అనుకోవాలి.

భాగవతప్రియ: అన్నవాడు వసుదేవుడైపోవడం కూడా చూడండి. కాళ్ళు పట్టుకున్నదీ తనే, పెద్దరికం మిగుల్చుకున్నదీ తనే.

కందగర్వి: ఆ పెద్దరికమంతా ‘అంతటివాడే’ చివరి ఏకారంలో ఉంది. ‘వసుదేవుడంతటివాడు పట్టుకున్నాడు’ అంటే ఉత్త కబురు. ఏ తగిలిస్తే ‘నేనెంత?’ అని తప్పించుకోవచ్చు.

గసడదవ: మరి ‘వసుదేవుడైనా పట్టుకోవాల్సిందే’ అనేవాళ్ళ సంగతేమిటి? మా ఇంట్లో అలాగే అనేవారు. అక్కడ ఏకారం వసుదేవుడి మీద లేదు, ‘అల్సిందే’ మీదుంది.

కందగర్వి: అది సామెత కాదండీ, ఆర్డరు.