ఆర్యే కప్లాన్ ధ్యానం పుస్తకాల్లో ఏది ముందు?

గోదారిగట్టు:
రబ్బీ (యూదు మతగురువు) ఆర్యే కప్లాన్ ‘మెడిటేషన్ అండ్ కబ్బాలా’ (కబ్బాలా అంటే యూదుల మార్మిక విద్య) చదువుతూ అబ్రహాం అబులాఫియా అనే కబ్బాలా సాధకుడి దగ్గర ఆగిపోయాను. హీబ్రూ అక్షరాలను మార్చి మార్చి పలకడం, దానికి తగ్గట్టు శ్వాస, తల కదలికలు... ఇవి ఇంట్లో సొంతంగా చేయొచ్చా?

ఫిజిక్స్ మాస్టారు:
చేయకండి. 1982లో వచ్చిన ఆ పుస్తకం పాత గ్రంథాల్లోని పద్ధతులను ఒకచోట చేర్చింది. అబులాఫియా 13వ శతాబ్దపు మనిషి, ఆయన సాధన గురువు దగ్గర నేర్వాల్సింది. చేసి చూడాలంటే ‘జ్యూయిష్ మెడిటేషన్’ తీసుకోండి. కప్లాన్ 1983లో, 48 ఏళ్లకే పోయారు; ఇది 1985లో వచ్చింది. ఫిజిక్స్ చదివిన మనిషి కదా, ఎంత లోతైన విషయమైనా మెట్టు మెట్టుగా విప్పుతారు. ఆయన మీద నాకంత గౌరవం అందుకే.

మేడమీద:
మాస్టారి మాటే నాదీనూ. బ్రెస్లవ్ రబ్బీ నహ్మాన్ (1772–1810) పద్ధతితో మొదలుపెట్టండి: రోజూ ఒంటరిగా, సొంత భాషలో దేవుడితో మాట్లాడుకోవడం. నేను తెలుగులోనే చేస్తాను, రాత్రి అందరూ పడుకున్నాక మేడ మీద. ఆఫీసు టెన్షన్, పిల్లాడి చదువు, అన్నీ చెప్పుకుంటాను. ఒక్కోరోజు నోరు పెగలదు. అప్పుడు ఆ బాధే దేవుడికి చెప్పుకోమన్నారు నహ్మాన్. అదీ రాకపోతే ‘రిబ్బోనో షెల్ ఓలామ్’, లోకానికి ప్రభువా అని, మెల్లగా అంటూ కూర్చుంటాను. అమ్మ పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఇదే.

ఇస్సాకు పొలం:
మేం చర్చిలో పెరిగినవాళ్లం. సాయంకాలం ఇస్సాకు పొలంలో ధ్యానించడానికి వెళ్లాడని ఆదికాండం 24లో చిన్నప్పటి నుంచీ చదువుతున్నా, ‘మెడిటేషన్ అండ్ ద బైబిల్’ (1978) చదివాకే ఆ మాట దగ్గర ఆగాను. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన దేవుడి రథం సంగతీ అంతే. సొంతంగా గ్రహించగల జ్ఞాని అయితే తప్ప ఒక్క శిష్యుడికి కూడా దాన్ని బోధించకూడదని యూదుల పాత ధర్మగ్రంథం మిష్నా కట్టడి. గోదారిగట్టు గారికి జవాబు అందులోనే ఉంది.

ఫిజిక్స్ మాస్టారు:
ఆ పుస్తకంలో ఒక్కటి ఒప్పుకోలేను. ప్రవక్తలు పద్ధతిగా ధ్యాన సాధన చేసేవారని కప్లాన్ వాదన. ఎప్పుడో మధ్యయుగాల పండితుల మాటలు పట్టుకుని అంత వెనక్కి వెళ్లడం నాకు బలంగా అనిపించలేదు. అయినా చదవాల్సిన పుస్తకమే.

గోదారిగట్టు:
థాంక్సండీ. అబులాఫియాను చదవడం వరకే ఉంచుతాను. మేడమీద గారూ, మాది అపార్ట్‌మెంట్, పక్కింటి టీవీ కూడా వినిపిస్తుంది. పైకే మాట్లాడాలా?

మేడమీద:
అక్కర్లేదండి. సమూయేలు గ్రంథంలో హన్నా ప్రార్థన గుర్తుందా? పెదవులు కదిలాయి, గొంతు వినపడలేదు. ప్రార్థన ఎలా చేయాలో తల్ముద్ (మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథం) ఆమె దగ్గరే నేర్చుకోమంటుంది. మీరూ అలాగే చేయండి.