హేబర్ గురించి పిలకాయలకు ఎట్ట చెప్పాలి?

నమస్కారమండీ. నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా పిలకాయల్లో సగం మంది వరి రైతుల బిడ్డలే, యూరియా బస్తా ఎరగని ఇల్లు లేదు.

పోయిన వారం గాలిలోని నత్రజనిని యూరియాకి మూలమైన అమ్మోనియాగా మార్చిన జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గురించి చెప్పాను. రసాయన శాస్త్రంలో 1918 నోబెల్ ఆయనదే. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర దగ్గర సైనికుల మీదికి క్లోరిన్ వాయువు వదిలించిందీ ఆయనే. అది దాచడానికి మనసొప్పలేదు, చెప్పేశాను.

ఒక పాప లేచి, "గాల్లోంచి ఎరువు తీయొచ్చని ఊహించినాయన, ఆ గాలి పీల్చినోడు ఎట్ట చస్తాడో ఊహించలేకపోయినాడా సార్?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఊహించే ఉంటాడు, తెలిసే చేశాడనిపిస్తుంది నాకు. అదే నన్ను పట్టి పీడిస్తోంది. అమెరికా అణుబాంబు తయారుచేసిన మాన్‌హట్టన్ ప్రాజెక్టుని 1944 చివర్లో వదిలేసి వచ్చిన భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ రోట్‌బ్లాట్ కథ చెబుదామనుకున్నా. కానీ బాంబులంటే ఎక్కడో ఎవరి గొడవో అనుకుంటారు. వాళ్లకి దగ్గరి ఉదాహరణ కావాలి. రొయ్యల గుంటల్లో యాంటీబయాటిక్స్ సంగతి తోచింది. అయితే గుంటలున్న ఇళ్ల పిల్లలూ క్లాసులో ఉన్నారు, వాళ్ల నాయనని తప్పుపట్టినట్టు కాకూడదు.

ఇట్టాంటి పాఠం చెప్పిన టీచర్లుంటే ఎక్కడ మొదలుపెట్టారో, పిల్లలు ఏమన్నారో దయచేసి రాయండి. సోమవారం జవాబు చెబుతానని ఆ పాపకి మాటిచ్చాను.