పదవిలో ఉండి తప్పు చేసిన నాయకులపై కేసులు ఎక్కడ ఆగిపోతున్నాయి?

ప్రశ్న: సందేహి

చిన్న ఉద్యోగి లంచం తీసుకుంటూ పట్టుబడితే వెంటనే సస్పెన్షన్ ఉత్తర్వు చేతికొస్తుంది, ఆ తర్వాత కేసు తన దారిన తాను నడుస్తుంది. అదే ఒక దేశాధ్యక్షుడో, ప్రధానమంత్రో, ముఖ్యమంత్రో అధికారాన్ని అడ్డం పెట్టుకుని సొంతానికి కూడబెట్టారన్న ఆరోపణ వస్తే దర్యాప్తు మొదలు కావడానికే ఏళ్లు పడుతుంది. మొదలైనా, తీర్పు వచ్చేలోగా సాక్షులు మాట మారుస్తారు, ప్రభుత్వాలు మారతాయి, కొన్ని కేసుల్లో నిందితులే కాలం చేస్తారు. పోనీ చట్టాలు లేవా అంటే, లంచగొండితనం, ప్రజాధనం స్వాహా, అధికార దుర్వినియోగం నేరాలు కాని దేశం నాకు తెలిసినంతలో లేదు.

కాబట్టి నా సందేహం చట్టం గురించి కాదు, దాని అమలు గురించి. ఈ వ్యవహారం సరిగ్గా ఏ మెట్టు దగ్గర తెగిపోతోంది? అలాగే, కొత్తగా గద్దెనెక్కినవారు పాతవారిపై కేసులు పెట్టినప్పుడు అది న్యాయమో, కక్ష సాధింపో బయటినుంచి చూసేవాడు ఎలా తేల్చుకోవాలి? పార్టీల పేరిట వాదులాడుకోవడానికి అడగడం లేదు; జరిగిన కేసుల ఆధారంగా చెప్పగలవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత న్యాయవాది

సందేహి గారూ, శిక్ష ఎంత కఠినంగా ఉందన్నది ఇక్కడ దాదాపు అప్రస్తుతం. దర్యాప్తు చేసే అధికారిని, కోర్టులో కేసు నడిపే ప్రాసిక్యూటర్‌ను నియమించే, తొలగించే అధికారం ఎవరి గుప్పిట్లో ఉందో చూడండి. కేసు ఎటు పోతుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

మలేషియాను తీసుకోండి. ప్రధాని నజీబ్ రజాక్ సొంత ఖాతాల్లోకి 68 కోట్ల డాలర్లకు పైగా చేరాయన్న వార్త 2015 జూలైలో వెలువడింది. ఆ నెల గడవకముందే, కేసు పెట్టాలా వద్దా అన్నది నిర్ణయించే అటార్నీ జనరల్ అబ్దుల్ గనీ పటైల్ పదవి పోయింది, నిలదీసిన ఉపప్రధాని ముహిద్దీన్ యాసిన్ పదవీ పోయింది. 2016 జనవరిలో కొత్త అటార్నీ జనరల్ నేరమేదీ కనిపించలేదని ప్రకటించి ఫైలు మూసేశారు. 2018 మే ఎన్నికల్లో నజీబ్ ఓడిపోయాక, ఎస్ఆర్‌సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ నిధుల కేసులో ఆయనకు 2020లో పన్నెండేళ్ల జైలు శిక్ష పడింది, 2022 ఆగస్టులో జైలుకు వెళ్లారు. ఈ నడుమ మారింది నేరచట్టం కాదు, ఫైలు మీద సంతకం చేసే మనిషి.

మన దేశంలో దీనికి పాఠ్యగ్రంథం లాంటిది జయలలితపై 1996లో మొదలైన ఆదాయానికి మించిన ఆస్తుల కేసు. 2001లో ఆమె పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చాక, అంతకుముందే కోర్టులో సాక్ష్యం చెప్పి వెళ్లిన 76 మందిని మళ్లీ బోనెక్కించారు. వారిలో 64 మంది తొలుత చెప్పినదాన్ని కాదన్నారు. ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్ దీనికి అభ్యంతరం చెప్పలేదు, వారిని ఎదురుతిరిగిన సాక్షులుగా ప్రకటించాలని అడగనూ లేదు. ఆయనను నియమించింది నిందితురాలు నడుపుతున్న ప్రభుత్వమే మరి. ప్రతిపక్ష నాయకుడు అన్బళగన్ పిటిషన్‌పై 2003 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును చెన్నై నుంచి బెంగళూరుకు మార్చి, ప్రాసిక్యూటర్ నియామకాన్ని కర్ణాటకకు అప్పగించింది. నా దృష్టిలో ఆ కేసు బతికిన రోజు అదే. 2014 సెప్టెంబరు 27న నాలుగేళ్ల జైలు, వంద కోట్ల జరిమానా విధించడం దాని ఫలితం మాత్రమే.

అక్కడితో కథ ముగిసిందనుకోకండి. 2015 మేలో హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ తీర్పులో నిందితులు తెచ్చిన అప్పుల పట్టిక ఒకటి ఉంది. అంకెలన్నీ కూడితే 10.67 కోట్లు రావాలి, పట్టిక అడుగున 24.17 కోట్లని పడింది. తెచ్చిన అప్పును సక్రమ ఆదాయంగా లెక్కించారు కాబట్టి, ఆ పదమూడున్నర కోట్ల తేడాతో, ఆదాయంతో పోలిస్తే అక్రమాస్తుల నిష్పత్తి 8.12 శాతానికి దిగిపోయింది. పది శాతం లోపు అయితే ఉపేక్షించవచ్చన్న పాత తీర్పు నీడలోకి కేసు వచ్చి చేరింది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆ లెక్కను సరిచేసి కింది కోర్టు తీర్పును నిలబెట్టేనాటికి ప్రధాన నిందితురాలు మరణించి రెండు నెలలు దాటింది. శశికళ, మరో ఇద్దరు జైలుకు వెళ్లారు. కేసు మొదలై అప్పటికి రెండు దశాబ్దాలు గడిచిపోయాయి.

సమాధానం: మరోకోణం

పై సమాధానంతో నాకు పేచీ లేదు కానీ, దర్యాప్తు సంస్థలకూ కోర్టులకూ స్వేచ్ఛ ఇస్తే చాలు, అంతా సవ్యంగా సాగుతుందన్న భావన దాని వెనుక ఉన్నట్టు తోస్తోంది. బ్రెజిల్ అనుభవం అందుకు భిన్నంగా ఉంది.

మాజీ అధ్యక్షుడు లూలాకు అవినీతి కేసులో 2017 జూలైలో సెర్జియో మోరో అనే న్యాయమూర్తి తొమ్మిదిన్నరేళ్ల జైలు శిక్ష వేశారు. 2018 ఏప్రిల్‌లో లూలా జైలుకు వెళ్లారు, ఆ ఏటి అధ్యక్ష ఎన్నికల్లో పోటీకి అనర్హులయ్యారు, బోల్సొనారో గెలిచారు. గెలిచిన బోల్సొనారో ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రిగా వచ్చి కూర్చున్నది ఆ మోరో గారే! ప్రాసిక్యూటర్లకు ఆయన సలహాలిస్తూ నడిపిన సందేశాలు 2019లో బయటపడ్డాయి. 2021 మార్చిలో, ఆ కోర్టుకు అసలు ఈ కేసు వినే పరిధే లేదంటూ శిక్ష రద్దయింది. మోరో నిష్పక్షపాతంగా వ్యవహరించలేదని కూడా సుప్రీంకోర్టు ఆ వెంటనే తేల్చింది. 2022లో లూలా మళ్లీ గెలిచారు. ఆరోపణల్లో నిజమెంత అన్నది ఇక ఏ కోర్టూ సక్రమంగా తేల్చే అవకాశం లేకుండా పోయింది. నాయకుణ్ణి పట్టుకోవాలన్న ఆత్రంలో పద్ధతిని పక్కన పెట్టినందువల్ల దక్కిన ఫలం అది.

కక్షను గుర్తుపట్టడం ఎలా అన్నారు. కేసు పెట్టింది ప్రత్యర్థులా కాదా అన్నది కొలబద్ద కాదు. ప్రత్యర్థులు కాక ఇంకెవరు పెడతారు? నేను చూసేది నిందితుడి సొంత మనుషుల ప్రవర్తన. దక్షిణ కొరియాలో 2016 డిసెంబరు 9న అధ్యక్షురాలు పాక్ గున్ హేపై అభిశంసన తీర్మానానికి 300 మంది సభ్యులున్న సభలో 234 ఓట్లు వచ్చాయి. ఆమె పార్టీకి అప్పుడు సభలో ఉన్న బలాన్ని బట్టి, అరవై మందికి పైగా సొంతవాళ్లే ఆమెకు వ్యతిరేకంగా ఓటేయకపోతే ఆ సంఖ్య రాదు. 2017 మార్చి 10న రాజ్యాంగ న్యాయస్థానంలోని ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆమెను తొలగించారు. ఇలాంటి చోట కక్ష అన్న మాట అతకదు.

సందేహి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక అనుబంధ ప్రశ్న. పదవిలో ఉన్నంతకాలం కేసు పెట్టకూడదన్న రక్షణ చాలా రాజ్యాంగాల్లో ఉంది కదా. ప్రతి ప్రత్యర్థీ ఒక కేసు వేస్తే పాలన సాగదన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ రక్షణ వల్లనే సాక్ష్యాలు చెరిగిపోయి, కేసు పెట్టడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి దాటిపోతోంది కదా?

సమాధానం: రాజ్యాంగ పాఠకురాలు

రక్షణ ఉండటం వేరు, గడియారం ఆగడం వేరు. ఫ్రాన్స్ 2007లో తన రాజ్యాంగంలోని 67వ అధికరణాన్ని సవరించి రెండింటినీ ముడివేసింది: అధ్యక్షుణ్ణి పదవిలో ఉండగా ఏ కోర్టూ పిలవకూడదు, అయితే అన్ని కాలపరిమితులూ ఆ కాలమంతా స్తంభించి ఉంటాయి, పదవి దిగిన నెల తర్వాత కేసులు ఎక్కడ ఆగాయో అక్కడినుంచి నడవవచ్చు. జాక్ షిరాక్ పారిస్ మేయర్‌గా ఉన్ననాటి బూటకపు ఉద్యోగాల కేసులో, పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉండి దిగిపోయాక, 2011 డిసెంబరులో దోషిగా తేలారు. రెండేళ్ల జైలు శిక్ష విధించి అమలు నిలిపివేశారు. ఆలస్యమే, ఒప్పుకుంటాను, అయినా దోషి అన్న మాట అధికారిక రికార్డులోకి ఎక్కింది.

నన్ను కలవరపెట్టేది తాత్కాలిక రక్షణ కాదు, శాశ్వత రక్షణ. 2024 జూలై 1న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మందిలో ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో, అధ్యక్షుడి మౌలిక రాజ్యాంగాధికారాల కింద చేసిన పనులకు పదవి దిగాక కూడా నేరవిచారణ ఉండదని, ఇతర అధికారిక చర్యలకు సైతం ప్రాథమికంగా రక్షణ ఉన్నట్టే భావించాలని తీర్పిచ్చింది. అధికార దుర్వినియోగం అనే నేరం జరిగేది అధికారిక చర్యల్లోనే కదా; వాటినే మినహాయిస్తే ఇక మిగిలేవి వ్యక్తిగత నేరాలు మాత్రమే. దక్షిణ కొరియా రాజ్యాంగం 84వ అధికరణంలో దీనికి పూర్తిగా భిన్నమైన గీత గీసింది: పదవిలో ఉండగా అధ్యక్షుడిపై నేరాభియోగం ఉండదు, తిరుగుబాటు, దేశద్రోహం తప్ప.

మన దగ్గర ఈ చిక్కు ప్రాసిక్యూషన్ అనుమతి రూపంలో ఎదురవుతుంది. మంత్రిపై అభియోగం నమోదుకు అనుమతి కోరుతూ ఆ మంత్రి సహచరులనే అడగడం దొంగ చేతికి తాళాలివ్వడమే. మధ్యప్రదేశ్‌లో లోకాయుక్త నివేదిక ఉన్నా ఇద్దరు మంత్రుల విషయంలో మంత్రివర్గం అనుమతి నిరాకరించినప్పుడు గవర్నర్ స్వయంగా అనుమతి ఇచ్చారు. అలాంటి పరిస్థితిలో మంత్రివర్గ సలహాకు గవర్నర్ కట్టుబడనక్కరలేదని సుప్రీంకోర్టు 2004లో సమర్థించింది.

సమాధానం: పక్కదారి

అందరూ జైలు గురించే మాట్లాడుతున్నారు. డబ్బు తిరిగి కట్టించడం దానికంటే త్వరగా అవుతుంది, నాయకులకు అంతకంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది కూడా అని నా అభిప్రాయం.

దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జాకబ్ జూమా న్కాండ్లాలోని సొంత నివాసానికి భద్రత పేరుతో ప్రజాధనం ఖర్చు పెట్టారు. ప్రభుత్వంలోని అక్రమాలను విచారించే స్వతంత్ర అధికారి, అంటే పబ్లిక్ ప్రొటెక్టర్, థూలీ మడొన్సెలా 2014 నివేదికలో భద్రతకు సంబంధం లేనివాటిని ఏరి చూపారు: పశువుల దొడ్డి, కోళ్ల షెడ్డు, సందర్శకుల కేంద్రం, బహిరంగ రంగస్థలం, ఈతకొలను. ఈతకొలను మంటలార్పడానికి నీటి నిల్వ అని ప్రభుత్వం వాదించడమే కాదు, పోలీసు మంత్రి విలేఖరులకు ప్రదర్శన కూడా ఏర్పాటు చేశారు. 2016 మార్చి 31న రాజ్యాంగ న్యాయస్థానం, పబ్లిక్ ప్రొటెక్టర్ సూచించిన దిద్దుబాటు చర్యలు కేవలం సలహా కాదు, పాటించి తీరాలని చెప్పింది. ఖజానా శాఖ 78 లక్షల ర్యాండ్లుగా లెక్కకట్టిన మొత్తాన్ని ఆ సెప్టెంబరులోనే ఆయన చెల్లించారు, అదీ పదవిలో ఉండగానే. తర్వాత 2021లో, విచారణ కమిషన్ ముందు హాజరు కానందుకు కోర్టు ధిక్కారం కింద పదిహేను నెలల శిక్ష కూడా పడింది.

ఐస్‌లాండ్ మరీ విచిత్రం. బ్యాంకులు కుప్పకూలిన నాటి ప్రధాని గెయిర్ హార్డేను 1905 నుంచి ఉండి ఒక్కసారీ కొలువుతీరని ప్రత్యేక న్యాయస్థానంలో విచారించారు. 2012లో ఒకే ఒక్క అభియోగం నిలిచింది: ముంచుకొస్తున్న సంక్షోభంపై మంత్రివర్గ సమావేశం పెట్టలేదని. శిక్ష ఏమీ వేయలేదు.

సమాధానం: విశ్రాంత న్యాయవాది

పక్కదారి గారు చెప్పిన న్కాండ్లా ఉదాహరణ నా వాదనకే బలం చేకూరుస్తుందని గమనించగలరు. పబ్లిక్ ప్రొటెక్టర్‌ను అధ్యక్షుడు తనంతట తాను తొలగించలేడు, పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

అయితే ఇప్పటివరకు ఎవరూ ముట్టుకోని మెట్టు ఒకటుంది, క్షమాభిక్ష. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేసిన నెలరోజులకే, 1974 సెప్టెంబరు 8న, అభియోగం కూడా నమోదు కాకముందే, ఆయన స్థానంలోకి వచ్చిన ఫోర్డ్ ఆయనకు సంపూర్ణ క్షమాభిక్ష ఇచ్చారు. మొత్తం 22 ఏళ్ల శిక్ష పడిన పాక్ గున్ హే 2021 డిసెంబరులో క్షమాభిక్ష పొందారు. నజీబ్ శిక్షను క్షమాభిక్ష మండలి సగానికి తగ్గించి, 21 కోట్ల రింగిట్ల జరిమానాను 5 కోట్లు చేసింది. వీటన్నిటికంటే పెరూ ఉదంతం నగ్నంగా ఉంటుంది. 2017 డిసెంబరు 21న అధ్యక్షుడు కుచిన్‌స్కీని తొలగించే తీర్మానం, జైల్లో ఉన్న మాజీ అధ్యక్షుడు ఫుజిమోరి కుమారుడి వర్గం ఓటింగుకు దూరంగా ఉండటంతో వీగిపోయింది. మూడు రోజుల తర్వాత ఫుజిమోరికి అనారోగ్య కారణాలపై క్షమాభిక్ష వచ్చింది. 2018లో కోర్టు దాన్ని రద్దు చేసింది, తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం పునరుద్ధరించింది, 2023 డిసెంబరులో ఆయన విడుదలయ్యారు.

క్షమాభిక్ష అధికారమే ఉండకూడదని నేను అనను. మరణశిక్ష పడిన నిరుపేదకు అదే చివరి ఆసరా. అయితే దేశాధినేతగా పనిచేసినవారికి పదవిలో చేసిన నేరాల విషయంలో క్షమాభిక్ష ఇచ్చేటప్పుడు కారణాలు రాతపూర్వకంగా ప్రకటించాలని, వాటిపై కోర్టు సమీక్షకు అవకాశం ఉండాలని, అప్పీళ్లన్నీ ముగియకముందు ఇవ్వకూడదని నిబంధన పెట్టడానికి ఏ రాజ్యాంగసూత్రమూ అడ్డురాదు. రాజ్యాంగ పాఠకురాలు గారు దీనిపై ఏమంటారో వినాలని ఉంది.