అప్‌డేట్: చెన్నై బయోఫిజిక్స్ సదస్సులో పోస్టర్ పెట్టాను

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనే, ప్రోటీన్ కదలికల కంప్యూటర్ సిమ్యులేషన్లు పూర్తికాకుండా బయోఫిజిక్స్ సొసైటీ సదస్సుకు పోస్టర్ తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. వెళ్లమని ధైర్యం చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. వెళ్లాను, చాలా మంచిదైంది.

ఉపన్యాసాల్లో క్రయో-ఈఎమ్ (ప్రోటీన్లను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) సెషన్‌కే జనం ఎక్కువ. నాకు మాత్రం టీ విరామంలో పోస్టర్ దగ్గరే అసలు పాఠం దొరికింది. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు నా రామచంద్రన్ ప్లాట్ (ప్రోటీన్ గొలుసులో ఒక్కో అమైనో ఆమ్లం దగ్గర ఫై, సై అనే రెండు మెలి కోణాలు ఎంతో ఒక్కో చుక్కగా చూపే పటం) చూస్తూ కుడివైపు, ఫై కోణం ధనాత్మకంగా ఉన్నచోట, ఒంటరి చుక్క మీద వేలు పెట్టారు. గ్లైసీన్ తప్ప మిగతా అమైనో ఆమ్లాలు అక్కడ అరుదు. నా పేరు చూసి తెలుగులోనే అడిగారు.

"ఇది గ్లైసీనా, బాబూ?"

"కాదు మేడమ్, ఆస్పరజీన్."

"గ్లైసీన్‌కి సైడ్ చెయిన్‌గా ఒక్క హైడ్రోజనే, అందుకే ఎటైనా తిరుగుతుంది. ఆస్పరజీన్ కూడా అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. ముందు క్రిస్టల్ స్ట్రక్చర్‌లో ఎలక్ట్రాన్ డెన్సిటీ చూడు. సిమ్యులేషన్‌ని అనుమానించడం ఆ తర్వాత."

హాస్టల్‌కొచ్చి చూశాను. డెన్సిటీ స్పష్టంగా ఉంది, అంటే ఎక్స్-రే ప్రయోగంలో కూడా అది అక్కడే కనిపించింది. ఆ ఆస్పరజీన్ సరిగ్గా ప్రోటీన్ గొలుసు వంగే ఒక మలుపులో కూర్చుంది. తీసేద్దామనుకున్న చుక్కే ఇప్పుడు నా ప్రశ్న అయింది.

రామచంద్రన్ ప్లాట్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ 1963లో ప్రచురించారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్‌ను రామచంద్రన్ గారు పెట్టింది ఆ తర్వాతే. ఇక్కడ చదువుతున్నందుకు నిజంగా గర్వంగా అనిపించింది.

మేడమ్ సలహా మీదే పరమాణువులకు వేర్వేరు ఆరంభ వేగాలిచ్చి సిమ్యులేషన్‌ని మళ్లీ కొన్నిసార్లు రన్ పెట్టాను. ఆ మలుపు అన్నిట్లోనూ నిలబడుతుందో లేదో చూడాలి.