బాపమ్మ సంవత్సరీకపు పూజలో చదవడానికి ఆమె జీవితం గురించి ఎలా రాయాలి?

ప్రశ్న (కాజీపేట నుంచి, ఒక మనుమడు)

అందరికీ నమస్కారం. మా బాపమ్మ కన్నుమూసి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. మేము కథోలిక క్రైస్తవులము. గుడిలో జరిగే సంవత్సరీకపు పూజ చివర ఐదు నిమిషాలు ఆమె గురించి చదవడానికి మా విచారణ (పారిష్) గురువులు అనుమతించారు. మనుమలు, మనుమరాళ్లు పదకొండు మందిమి ఉన్నాము. నాకు కాస్త రాయడం వచ్చునని ఆ పని నాకు అప్పగించారు. పది రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ప్రేమమూర్తి, ప్రార్థనాపరురాలు, ఆదర్శ గృహిణి అని రాసి కొట్టివేస్తున్నాను. ఈ మాటల్లో అబద్ధం లేదు, కానీ వీటిని ఏ ఇంటి పెద్దమ్మ ఫొటో కిందనైనా పెట్టవచ్చు. వీటిలో మా బాపమ్మ నాకు కనిపించడం లేదు.

ఆమె మానుకోట వైపు ఒక పల్లెలో పుట్టి, 1961లో పెళ్లయి కాజీపేట రైల్వే క్వార్టర్స్‌కు వచ్చింది. తాత లోకోషెడ్‌లో ఖలాసీగా పనిచేసేవారు. బడికి పోలేదు, నోటికి వచ్చిన జపాలనే పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంటూ అక్షరాలు నేర్చుకుంది. తాతకు రాత్రి డ్యూటీ పడిన రోజుల్లో ఆయన వచ్చేదాకా తలుపుకు గొళ్లెం పెట్టకుండా, జపమాల చేతపట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేదట. తెల్లవారగానే ఫాతిమానగర్ కతెడ్రల్‌కు నడిచి వెళ్లి, పూజ చూసుకుని వచ్చి పొయ్యి వెలిగించేది. ముగ్గురు కొడుకులను, ఇద్దరు కూతుళ్లను పెంచింది. ఆమె పుట్టిన తేది మాత్రం మాకెవరికీ తెలియదు. ఆధార్‌లో ఉన్న జనవరి 1 ఎవరో ఊహించి రాయించినది.

నన్ను అన్నిటికంటె ఎక్కువ బాధపెడుతున్న విషయం ఒకటి ఉంది. మా చిన్న మేనత్త హనుమకొండలోని ఒక బాప్టిస్టు కుటుంబపు అబ్బాయిని మన గుడి బయట పెళ్లి చేసుకున్నందుకు బాపమ్మ ఆమెతో నాలుగేళ్లు మాట్లాడలేదు. తరువాత వారిద్దరూ ఎంత దగ్గరయ్యారో నేను కళ్లారా చూశాను. ఆ నాలుగేళ్ల మాట ఎత్తవద్దని బాపు అంటున్నారు, అది లేకుండా రాయబోతే నాకు చేయి సాగడం లేదు. పైగా ఆ రోజు వచ్చేవారిలో సగం మంది ఆ బాప్టిస్టు బంధువులే. పోయినవారి కోసం ప్రార్థించడం వారి విశ్వాసంలో లేదు. వారి ముందు ఎలా మాట్లాడాలో కూడా పెద్దలు చెప్పగలరు.

జవాబు (హనుమకొండ నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని)

బాబూ, నీ ప్రశ్నలోనే సగం వ్యాసం ఉంది. గొళ్లెం పెట్టని తలుపు, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, చేతిలో జపమాల ఉన్నాయి కదా, ఇక 'ఆదర్శ గృహిణి' అనే మాటతో నీకు పనిలేదు.

నువ్వు ఎక్కడ నిలబడి చదువుతున్నావో ముందు ఆలోచించు. అంత్యక్రియల పూజలో గురువుల ప్రసంగం చిన్నదిగా ఉండాలని, అది పోయినవారి ప్రశంసగా మారకూడదని రోమను పూజాగ్రంథపు నియమాలు చెబుతాయి. దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తరువాతి ప్రార్థన ముగిశాక, చివరి వీడ్కోలుకు ముందు, కుటుంబంలో ఒకరు నాలుగు మాటలు చెప్పడానికి మాత్రం అవకాశం ఉంది. సంవత్సరీకపు పూజలోనూ అదే స్ఫూర్తి పాటించడం మంచిది. మనం అక్కడ చేరేది పోయిన మనిషి నేరుగా మోక్షానికి చేరిందని తీర్పు చెప్పడానికి కాదు, ఆమె ఆత్మ కోసం దేవుణ్ని వేడుకోవడానికి. ఆమెను పునీతురాలిగా నిలబెడితే, ఇక ఆమె కోసం ప్రార్థించమని జనాన్ని ఏ ముఖంతో అడుగుతావు?

ఇక నాలుగేళ్ల మౌనం సంగతి. పునీత అగస్తీనుగారు తన ఆత్మకథ తొమ్మిదవ భాగంలో తల్లి మోనికమ్మ గురించి రాసిన తీరును గుర్తుచేసుకుంటే నీకు ధైర్యం వస్తుందని నా నమ్మకం. ఆమె చిన్నతనంలో పీపాలోంచి ద్రాక్షాసారాయం తేవడానికి వెళ్లి, మొదట ఒక గుక్క, తరువాత గిన్నెడు తాగడం అలవాటు చేసుకున్నదని, ఒక పనిమనిషి తాగుబోతు అని ఎత్తిపొడిచిన నాటి నుంచి మానుకున్నదని ఆయన దాచకుండా రాశారు. తండ్రి కోపిష్ఠి అని, తల్లికి నమ్మకంగా ఉండలేదని, ఆమె ఎలా ఓర్చుకుని ఆయనను చివరికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) దాకా నడిపించిందో కూడా రాశారు. ఆమె 387లో, స్వదేశమైన ఆఫ్రికాకు తిరిగి వెళ్లే దారిలో, రోము దగ్గరి ఓస్తియాలో మరణించింది. నా దేహాన్ని ఎక్కడైనా పాతిపెట్టండి, మీరు ఎక్కడున్నా ప్రభువు పీఠం దగ్గర నన్ను తలచుకుంటే చాలునని కొడుకులతో చెప్పి పోయింది. తన రాత చదివేవారు తల్లినీ తండ్రినీ ఆ పీఠం దగ్గరే తలచుకోవాలని అగస్తీనుగారు కోరారు. తల్లి తప్పును చెప్పడం వల్ల ఆయన ప్రేమ తగ్గినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

అయితే అది మీ అత్తమ్మకు తగిలిన దెబ్బ. చెప్పాలా వద్దా అని నువ్వు గాని, మీ బాపు గాని, నేను గాని నిర్ణయించకూడదు. ముందు ఆమె దగ్గర కూర్చుని అడుగు.

జవాబు (కరీంనగర్ నుంచి, ఒక ఉపదేశి కుమారుడు)

పుట్టిన తేది గురించి మాత్రమే చెబుతాను. ఆమె జ్ఞానస్నానం పొందిన విచారణకు వెళ్లి జ్ఞానస్నానాల రిజిస్టరు చూపించమని గురువులను అడగండి. అందులో పుట్టిన తేది, జ్ఞానస్నానం తేది, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలిచే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లు ఉంటాయి. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం వివరాలను కూడా ఆ నమోదు పక్కనే రాయాలని శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం చెబుతుంది కాబట్టి ఒక్క పుటలోనే ఆమె జీవితపు ముఖ్యమైన తేదీలు దొరకవచ్చు. 1952లో వరంగల్ మేత్రాసనం (బిషప్పుగారి పరిధి) ఏర్పడక ముందు మన ప్రాంతం హైదరాబాద్ మేత్రాసనంలో ఉండేది, అంతమాత్రాన రిజిస్టరు కోసం హైదరాబాద్ వెళ్లనవసరం లేదు. అది సాధారణంగా విచారణలోనే ఉంటుంది. ఆనాటి రాత లాటిన్‌లో ఉండవచ్చు, పేర్లు కూడా లాటిన్ రూపంలో కనిపించవచ్చు, కంగారు పడకండి. పెళ్లి 1961 అంటున్నారు కాబట్టి ఒక ఇరవై ఐదేళ్లు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ముందుకు వెతుక్కుంటూ రండి.

జవాబు (మంచిర్యాల నుంచి, ఒక కూతురు)

తమ్ముడూ, మా అమ్మ పోయినప్పుడు నేను నువ్వు కొట్టివేస్తున్న మాటలనే రాసి చదివాను. అందరూ మౌనంగా విన్నారు. భోజనాల దగ్గర మా పక్కింటి పెద్దమ్మ నా చేయి పట్టుకుని, ప్రతి ఏడూ బతుకమ్మకు మీ అమ్మ పెరటి గోడ మీదుగా గునుగు పువ్వు కోసి ఇచ్చేదని, తాను బతుకమ్మ ఆడదు గనుక అందంగా పేర్చమని మాకు చెప్పేదని, పోయిన ఏడు ఆ గోడ దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడి వచ్చానని ఏడ్చింది. నేను గుడిలో చదవవలసిన మాట అదే. అమ్మ కూతురినై ఉండి కూడా నాకది తెలియదు. కాబట్టి కాగితం ముందు కూర్చోవడం ఆపి, ఆమెతో పాటు కతెడ్రల్‌కు నడిచిన ముసలమ్మల దగ్గరికి, క్వార్టర్స్‌లో పక్క పోర్షన్లలో ఉన్నవారి దగ్గరికి వెళ్లు.

ఆమె జపమాలను ఎలా చెప్పేదో కూడా అడుగు. 2002లో రెండవ జాన్‌పాల్ పోపుగారు జపమాలలో ధ్యానించే ఘట్టాలకు వెలుగు దేవరహస్యాలను చేర్చి వాటికి గురువారాన్ని సూచించినప్పుడు మా అమ్మకు అరవై దాటాయి. అంతవరకు గురువారం సంతోష దేవరహస్యాలు చెప్పేది. ప్రభువు జ్ఞానస్నానం మొదలుకొని దివ్యసత్ప్రసాద స్థాపన వరకు ఆ ఐదింటినీ మా అబ్బాయి చేత పెద్ద అక్షరాలతో రాయించుకుని, దేవుని పటం పక్కన అతికించుకుని, నెల రోజుల్లో కంఠస్థం చేసింది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో కూడా అంతే. 59 ఏళ్లు నిండాక ఒక్కపొద్దు నియమం వర్తించదని గురువులు చెప్పినా, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం చివరి ఏడాది దాకా విడవలేదు. మీ బాపమ్మకు కూడా ఇలాంటి పట్టింపులు ఉండే ఉంటాయి.

బాప్టిస్టు బంధువుల గురించి కూడా అడిగావు. మా ఆయన వైపు వారంతా బాప్టిస్టులే. పోయినవారి కోసం ప్రార్థన అన్నప్పుడు మనం మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం చూపిస్తాము, వారి బైబిలులో ఆ గ్రంథమే లేదు. అక్కడ వాదన పెట్టుకోవద్దు. పౌలుగారు తిమోతికి రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయంలో అతని విశ్వాసం ముందుగా అవ్వ లోయిలో, తరువాత తల్లి యునీకేలో ఉండినదని గుర్తుచేస్తారు. అది అందరి బైబిలులోనూ ఉంది. దానితో మొదలుపెడితే వారు కూడా మనసుపెట్టి వింటారు. చివరలో 'బాపమ్మ ఆత్మశాంతి కోసం మేము ప్రార్థిస్తున్నాము, మీరు మా కోసం ప్రార్థించండి' అని నేనైతే అంటాను. మా ఇంట్లో అలాగే అన్నాను, ఎవరూ నొచ్చుకోలేదు.

మళ్లీ ప్రశ్న అడిగిన వ్యక్తి (పన్నెండు రోజుల తరువాత)

టీచరమ్మకు, అన్నకు, అక్కకు కృతజ్ఞతలు. రిజిస్టరు దొరికింది. బాపమ్మ పుట్టింది ఆగస్టు నెలలో. జ్ఞానతల్లి పేరును గురువులు చదివి వినిపించినప్పుడు మా బాపు ఉలిక్కిపడ్డారు. ఆమె పేరే మా పెద్ద మేనత్తకు పెట్టారని అరవై ఏళ్లకు మాకు తెలిసింది.

చిన్న మేనత్త ఇంటికి బాపును కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. రాయవచ్చునా అని అడిగితే ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, రాయి, కానీ మొత్తం రాయి అన్నది. నాలుగో ఏట క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు బాపమ్మ ఎవరికీ చెప్పకుండా, స్టీలు డబ్బా నిండా గరిజెలు పోసుకుని, కాజీపేట నుంచి సిటీ బస్సెక్కి, ఎప్పుడూ చూడని ఆ ఇంటిని అడుక్కుంటూ వెళ్లిందట. అత్త తలుపు తీసినప్పుడు లోపలికి రాకుండా గడప బయటే నిలబడి, 'నేను పాపసంకీర్తనం చేసొచ్చిన బిడ్డా, ముందు నీ దగ్గరికి పొమ్మన్నరు' అన్నదట. పాపసంకీర్తనం అంటే గురువుల దగ్గర పాపాలు ఒప్పుకోవడం. ఈ సంగతి తన అన్నదమ్ములకు కూడా అత్త ఇంతవరకు చెప్పలేదు. బాపు అక్కడే కూర్చుని విన్నారు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాయమని నాతో అన్నారు.

ఇప్పుడు రెండు పుటలు పూర్తయ్యాయి. ఆ స్టీలు డబ్బా ఇంకా అత్త దగ్గరే ఉంది. పూజ రోజు కానుకలతో పాటు పీఠం దగ్గరికి దానిని తీసుకుపోవచ్చునా అని రేపు గురువులను అడగబోతున్నాను.