"రక్తపోటు"లోని పోటు ఏ పోటు?

ప్రశ్న: ఈ పోటు కత్తిపోటులోదా, ఆటుపోట్లలోదా? వాతావరణ పీడనం అంటున్నప్పుడు "రక్తపీడనం" అనడమే మేలు కాదా?

జవాబు: పీడనం తప్పు కాదండీ. కానీ నాకు వినిపించేది ఆటుపోట్ల పోటే. సముద్రం పొంగితే పోటు, తగ్గితే ఆటు. ధమనిలో ఒత్తిడి నిలకడగా ఉండదు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ లేచి పడుతుంది. రక్తపోటు కొలత 120/80లో పై అంకె పోటు, కింది అంకె ఆటు. "పీడనం"లో ఆ కదలిక లేదు.

ఇంకొకరు: పోలిక బాగుంది, కానీ ఆటు సమయంలో కూడా ధమనిలో ఒత్తిడి సున్నాకు రాదు. సాగిన గోడ తిరిగి ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు నెడుతూనే ఉంటుంది. గోడ బిరుసెక్కితే ఈ పని తగ్గి పై అంకె పెరుగుతుంది, కింది అంకె పడిపోతుంది. పెద్దవయసువారిలో 160/70 లాంటి కొలత కనబడేది ఇందుకే.

ప్రశ్న: మరి రక్తపోటు కొలిచేటప్పుడు స్టెతస్కోపులో వినిపించే చప్పుడు గుండెదేనా?

జవాబు: కాదు. చేతికి చుట్టి గాలి నింపే పట్టీ కింద సగం నొక్కుకున్న ధమనిది. పూర్తిగా మూసుకుపోతే నిశ్శబ్దం, పూర్తిగా తెరుచుకుని సాఫీగా పారినా నిశ్శబ్దమే. ఇరుకు సందులోంచి రక్తం సుడులు తిరుగుతూ దూకినప్పుడే టక్ టక్. రష్యా వైద్యుడు కొరోత్కోవ్ 1905లో దీన్ని వివరించాడు. మణికట్టు నాడి ఆగిన చోటు నుంచి ఇంకో 30 మి.మీ. (పాదరసం ఎత్తులో కొలత) పైకి గాలి కొట్టి, సెకనుకు 2–3 మి.మీ. చొప్పున వదలాలి. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు ఆగిపోయిన చోటు కింది అంకె. గాలి గబగబా వదిలితే మొదటి చప్పుడు తప్పిపోయి పై అంకె తక్కువగా, ఆఖరిది దాటిపోయి కింది అంకె ఎక్కువగా పడతాయి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని పోటు కనబడుతుంది. చెయ్యి గుండె కంటే 10 సెం.మీ. కిందికి వేలాడితే 7–8 మి.మీ. అదనం.

ప్రశ్న: గొట్టం మూతికి వేలు అడ్డుపెడితే "ఒత్తిడి పెరిగి నీళ్లు దూరం పడ్డాయి" అంటాం. సరైన మాటేనా?

జవాబు: సగమే. వేలి వెనక, గొట్టంలో ఒత్తిడి పెరిగేది నిజం. సందులో మాత్రం పెరిగేది ఉరవడి, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఇరుకైన రక్తనాళంలోనూ ఇంతే. ఆ ఇరుకు దాటాక కూడా పోయిన ఒత్తిడి పూర్తిగా తిరిగి రాదు, కొంత సుడులకే ఖర్చయిపోతుంది.